చదువుల బిల్లు మీద వైజాగ్ నుంచి మన మాట కమిటీ దాకా చేర్చాలంటే

ముందు బిల్లు కాపీ సంపాదించండి, పేపర్లో వచ్చిన ముక్క చూసి మాట్లాడితే పని జరగదు. స్కూళ్ల మీద వచ్చే బిల్లు చాలాసార్లు 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టానికి సవరణే అయ్యుంటుంది కాబట్టి పాత సెక్షన్ పక్కన పెట్టుకుని ఏ మాట తీసేశారు, ఏది కొత్తగా పెట్టారు అని లైన్ లైన్ చూడాలి, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.

ఇంకోటి, ప్రతి బిల్లూ కమిటీకి వెళ్లదండీ, సభ సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లుని వివరంగా చూడ్డానికి సభ్యులతో వేసే కమిటీకి, పంపితేనే వెళ్తుంది. అందుకే ముందుగానే ఎమ్మెల్సీని కలవండి. శాసనమండలిలో 58 మంది ఉంటే 5గురు టీచర్ల ఓట్లతో, 5గురు గ్రాడ్యుయేట్ల ఓట్లతో వచ్చినవాళ్లు, శ్రీకాకుళం విజయనగరం విశాఖ టీచర్లకి కలిపి ఒక సీటుంది, మన బడుల బాధ ఆయనకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాం?

వినతిపత్రం ఒక్క పేజీ చాలు. ఏ సెక్షన్, ఏం మార్చాలి, ఎందుకు. గాజువాకలోనో మధురవాడలోనో మీ బడిలో పిల్లలెంతమంది, టీచర్లెంతమంది అని లెక్క రాయండి, ఆవేశం కన్నా అది బాగా పనిచేస్తుంది. గవర్నమెంట్ బడైతే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం జత చేయండి, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి దానికి బరువుంటుంది.

మాట్లాడ్డానికి కమిటీ పిలిస్తే విజయవాడ దగ్గర అసెంబ్లీ ఉన్న వెలగపూడి వెళ్లాలి, ముందురోజు రాత్రే విజయవాడ ట్రైనెక్కేయండి. ముఖ్యమైన మాట మొదటి నిమిషంలోనే చెప్పేయండి, పేపరు ఇచ్చి అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.