జీడిపప్పు బెల్లం కేకు: ఓవెన్ పెట్టేముందు, ఫోటో తీసేముందు

☐ శ్రీకాకుళంలో వానరోజైతే ముందు కరెంటు సంగతి చూసుకోండి. కేకు పొంగుతుండగా ఓవెన్ ఆగితే నడుమ కుంగిపోతుంది, మళ్లీ లేవదు.

☐ పలాస జీడిపప్పు ఒకటి కొరికి చూడండి. మెత్తబడి ఉంటే సన్నసెగ మీద వేయించి, చల్లారాకే పిండిలో కలపండి. పైన అలంకరించడానికి విరగని గుళ్లు 10 ముందే దాచండి. మా ఇంట్లో దాచిన చోటు ఎవరికీ చెప్పను.

☐ బెల్లం కరిగించి వడకట్టాల్సిందే. ఇసుక పంటికి తగిలాక ఫోటో ఎంత బాగుంటే ఏం లాభం? పాకం వేడిగా ఉండగా గుడ్లు కొడితే అట్టు తయారవుతుంది.

☐ పాత వంటసోడా మీద నిమ్మచుక్క వెయ్యండి. బుస్సుమనకపోతే పారెయ్యండి.

☐ ఓవెన్ 180 డిగ్రీలకు ముందే వేడెక్కాలి.

☐ కేకు పూర్తిగా చల్లారాకే కొయ్యండి.

☐ ఫోటోకి కిటికీ పక్కన పెట్టి, ట్యూబులైటు ఆర్పండి. రెండు వెలుగులు కలిస్తే బెల్లం రంగు చెడుతుంది. కిటికీ వెలుగు తిరిగి కేకు మీద పడేలా, ఉతికిన తెల్ల పంచె నీడ వైపు ఎవరిచేతైనా పట్టించండి. స్టీలు పళ్లెం వద్దు, అందులో మీరే కనిపిస్తారు.

☐ ఫోన్ కెమెరా తుడిచారా? వెన్న చేతులు కదా!