మోకాలి చిప్ప కింది నొప్పి, నాలుగో పాఠం: మర్నాడు పొద్దున్న అడగండి

మూడో పాఠంలో గోడ కుర్చీ చెప్పాను. బడిలో లెక్కల మేస్టారు వేయించిన గోడ కుర్చీయే, కాకపోతే ఇక్కడ అది మందు. 45 సెకన్లు కూర్చోవడం, 2 నిమిషాలు ఆగడం, అలా 5 సార్లు. తొడ ముందు కండరం బిగుసుకుని, చిప్ప కింది టెండన్ (చిప్పని కాలి ఎముకకి కట్టి ఉంచే తాడు) మీద కదలిక లేకుండా బరువు పడుతుంది. చాలామందికి లేచేసరికి నొప్పి తగ్గుతుంది. అంతవరకు చెప్పి, "వచ్చే పాఠంలో కలుద్దాం" అని ఊరుకున్నాను. తప్పు నాదే.

ఆ తర్వాత వారం రోజులు నాకు ఒకే రకం ఫోన్లు. విశాఖ ఉక్కునగరం నుంచి ఒక వాలీబాల్ కుర్రాడు: "మేస్టారూ, గోడ కుర్చీ ఏసినాను, నొప్పి పోనాది. సాయంత్రం నాలుగు గేములు ఆడీసినాను. తెల్లారి లెగిస్తే మెట్లు దిగలేకపోనాను." కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ఆంధ్ర యూనివర్సిటీ గ్రౌండులో పరిగెడుతున్న ఇద్దరు స్నేహితులు పొద్దున గోడ కుర్చీ వేసి, 1600 మీటర్లు పరిగెత్తి, నొప్పి లేదు కదా అని ఆ ఊపులోనే లాంగ్ జంప్ ఇరవై సార్లు దూకారు. ఎంవీపీ కాలనీలో బ్యాడ్మింటన్ ఆడే పెద్దాయన ఒకరు మ్యాచ్‌కి మ్యాచ్‌కి మధ్య కోర్టు గోడకే ఆనుకుని కూర్చున్నారట, నొప్పి వచ్చినప్పుడల్లా. ఆయన తెలివికి దండం పెట్టాలి, మోకాలికి మాత్రం సానుభూతి చెప్పాలి. ఒకావిడ సింహాచలం మెట్లదారిలో ఎక్కేటప్పుడు బాగానే ఉందని దిగడం కూడా నడిచే దిగారు. దిగడంలోనే టెండన్‌కి పని ఎక్కువని మొదటి పాఠంలో రాశాను. సరే, వదిలేద్దాం.

అందుకని ఈసారి బరువుల పాఠం వెనక్కి జరిగింది. ముందు ఈ గొడవ తేలాలి.

గోడ కుర్చీ నొప్పిని తగ్గిస్తుంది. టెండన్‌ని ఆ పూటకి మార్చదు. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరుగురు వాలీబాల్ ఆటగాళ్ళతో ఇలాంటి కదలని బిగింపులే చేయించి చూశారు. నొప్పి బాగా తగ్గింది, కనీసం 45 నిమిషాలు అలాగే నిలిచింది. 45 నిమిషాలు, గుర్తుపెట్టుకోండి. అదీ ఆరుగురిలో. తర్వాత జరిగిన పరీక్షల్లో అందరికీ అంత ఉపశమనం రాలేదు కూడా. కాబట్టి అది తలుపు సందులో పెట్టిన చెప్పు లాంటిది: తలుపు మూసుకోకుండా ఆపుతుంది, మిగతా పని మీరు ఆ సందులోంచి చేసుకోవాలి.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించే మాటకి వస్తాను. విశాఖలో ఏ కోర్టుకి వెళ్ళినా వినపడుతుంది: "ఒళ్ళు కాగితే అదే పోద్ది."

పోతుంది. నిజమే పోతుంది. ఈ జబ్బు లక్షణమే అది. ఆట మొదట్లో చిప్ప కింది అంచున వేలితో చూపించగలిగేంత చోట పొడుస్తుంది. పది నిమిషాలు గెంతాక మాయమవుతుంది. ఆట అయ్యాక ఇంటికి వెళ్ళి, భోంచేసి, కింద కూర్చుని లేవబోతే మళ్ళీ పలకరిస్తుంది. తెల్లారేసరికి నిన్నటికంటే గట్టిగా ఉంటుంది. కొత్త ఆవకాయ లాంటిది. తింటున్నప్పుడు కమ్మగానే ఉంటుంది, కడుపు రాత్రికి లెక్క చెబుతుంది. ఎంత తినాలో నాలుకని అడిగితే అది ఇంకో ముద్దే అంటుంది. అందుకే ఆడుతున్నప్పుడు మోకాలిని సలహా అడగకండి. మర్నాడు పొద్దున్న అడగండి.

ఎలా అడగాలో చెబుతాను. లేచి, ముఖం కడుక్కుని, కాఫీకి ముందో వెనకో, రోజూ ఒకే వేళకి. మెట్టు అంచున నొప్పి ఉన్న కాలి మీద నిలబడండి. రెండో కాలు గాల్లో. గోడకి ఒక వేలు ఆనించుకోవచ్చు. మెల్లగా మోకాలు వంచి, గాల్లో ఉన్న కాలి మడమ కింది మెట్టుని తాకీతాకనట్టు దింపి, లేవండి. ఒక్కసారి చాలు. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఇంతకు మించిన నొప్పి ఉండదు. ఒక అంకె అనుకుని కాగితం మీద రాయండి. ఫోన్లో రాసేవాళ్ళు వారానికే మానేస్తున్నారు, అందుకే నాకు కాగితమే ఇష్టం. తలగడ పక్కన క్యాలెండరు ఉంటే ఆ తేదీ గడిలోనే రాసేయండి.

మొదటి మూడు రోజులు ఆట, గెంతు ఏవీ లేకుండా ఈ అంకె రాయాలి. అది మీ మామూలు అంకె. ఒకరికి 1, ఒకరికి 4. 4 ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, 1 ఉన్నంత మాత్రాన మీసం తిప్పక్కర్లేదు. చూడాల్సింది అంకె ఎంత ఉందని కాదు, ఎటు కదిలిందని.

నిన్న ఏదో చేశారు. ఇవాళ పొద్దున్న అంకె అంతే ఉంది, లేదా ఒకటి పెరిగింది. మోతాదు సరిపోయింది, అదే కొనసాగించండి. రెండో అంతకు మించో పెరిగిందా, నిన్నటిది ఎక్కువైంది. ఎక్కువైతే ఏం చేయాలి? ఇక్కడే రెండో తప్పు చేస్తారు: పూర్తిగా మానేస్తారు. మానకండి. అంకె పెరగని ఆఖరి రోజు ఏం చేశారో చూసి, ఆ మోతాదుకి వెళ్ళండి. ఉక్కునగరం కుర్రాడి సంగతే తీసుకుందాం. అతని మామూలు అంకె 2. గోడ కుర్చీ మాత్రమే చేసిన మర్నాడు 2. ఒక గేము ఆడిన మర్నాడు 3. నాలుగు గేములు ఆడిన మర్నాడు 6. అంటే అతని టెండన్ ఇప్పటికి ఒక గేము మోస్తుంది. నాలుగు కాదు, సున్నా కూడా కాదు. అతనికి మూడు వారాలు విశ్రాంతి రాసిస్తే ఏమవుతుంది? నొప్పి పోతుంది, తొడ సన్నబడుతుంది, టెండన్ ఒక గేము మోసే ఓపిక కూడా పోగొట్టుకుంటుంది. సంక్రాంతికి ఊళ్ళో టోర్నమెంటు అని పిలుస్తారు. వెళతాడు. ఫిబ్రవరిలో మళ్ళీ నా దగ్గరికి వస్తాడు. ఏటా ఫిబ్రవరిలో నాకు పని ఎక్కువ.

పెద్దాయన అంకె విచిత్రంగా ఉంది: ఆడిన మర్నాడు 3, ఎల్లుండి 5. కొందరికి జవాబు ఇంకా ఆలస్యం. వాళ్ళు రెండు పొద్దుట్లు చూసుకుని నిర్ణయించాలి. కానిస్టేబుల్ అభ్యర్థులకి మాత్రం ఒక్కటే మాట: పరుగు ఒక రోజు, దూకడం ఇంకో రోజు. పరుగు కంటే దూకడమే టెండన్‌ని ఎక్కువ లాగుతుంది. దూకి దిగేటప్పుడు అది స్ప్రింగులా సాగి, వెంటనే వదలాలి. ఎంత బరువు పడిందన్నది ఒక సంగతి, ఎంత వేగంగా పడిందన్నది ఇంకో సంగతి. ఈ టెండన్‌కి రెండోదే ఎక్కువ బాధ.

ఇదంతా వాపు కాదా, ఐసు పెట్టకూడదా, ఇంజెక్షన్ చేయించుకోకూడదా అని అడిగారు. ఇది ముఖ్యంగా వాపు (ఇన్‌ఫ్లమేషన్) జబ్బు కాదు. టెండన్ లోపలి పీచు అల్లిక చెదిరిపోవడం. 2009లో జిల్ కుక్, క్రెయిగ్ పర్డమ్ అనే ఇద్దరు ఫిజియోలు దీన్ని మెట్లుగా వివరించారు: ముందు ఉబ్బి స్పందించే దశ, తర్వాత మరమ్మతు కుదరని దశ, ఆఖరికి క్షీణించిన దశ. మొదటి దశ నుంచి వెనక్కి రావడం తేలిక. ఐసు హాయిగా ఉంటే పెట్టుకోండి, దానితో అల్లిక సరికాదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో అద్భుతంగా ఉంటుంది, ఆరు నెలలకి వ్యాయామం చేసినవాళ్ళే ముందుంటారు. "గుజ్జు అరిగిపోయింది" అని ఇరవై ఏళ్ళ పిల్లకి ఎవరో చెప్పి పంపారు. గుజ్జు వేరు, టెండన్ వేరు. ఆ పిల్ల కబడ్డీ మానేసి రెండేళ్ళయింది.

రెండు మినహాయింపులు. టప్‌మని చప్పుడై, కాలు చాపి పైకెత్తలేకపోతే ఈ పాఠం మూసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లాడికి చిప్ప కిందికంటే ఇంకా కిందగా, ఎముక గడ్డలా ఉబ్బి నొప్పి ఉంటే అది ఎదిగే ఎముక సంగతి. దానికి లెక్క వేరు.

ఇక అసలు పాఠం. మిగిలిన చోటు కొంచెమే, అయినా సరిపోతుంది.

బరువు, నెమ్మది. ఈ రెండే. 2009లో డెన్మార్క్‌లో పరీక్షించిన పద్ధతి నేను ఎక్కువగా వాడతాను: వారానికి 3 రోజులు, రోజు విడిచి రోజు, 12 వారాలు. ఒక్కో వ్యాయామం 4 సెట్లు. మొదటి వారం 15 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు, అంటే పదహారోది రాకూడదు. రెండు, మూడు వారాల్లో 12 సార్లు ఎత్తగలిగేది. నాలుగు, ఐదుల్లో 10. ఆరు నుంచి ఎనిమిది దాకా 8. తొమ్మిది నుంచి పన్నెండు దాకా 6. సార్లు తగ్గుతుంటే బరువు పెరుగుతుందని వేరే చెప్పక్కర్లేదు. దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు. వాళ్ళు మూడు వ్యాయామాలు చేయించారు. నేను లెగ్ ప్రెస్ (కూర్చుని కాళ్ళతో బరువుని తొయ్యడం), స్క్వాట్ (బరువుతో గుంజీ) రెండే చేయిస్తాను, మూడోదానికి మన జిమ్ముల్లో చాలా చోట్ల మెషీన్ దొరకదు.

మూడు సెకన్లని ఎవరి నోటికి వాళ్ళు లెక్కపెడితే ఒకటిన్నర సెకను అవుతుంది. ఫోన్లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే యాప్) నిమిషానికి 60 దగ్గర పెట్టండి. జిమ్ము ట్రైనర్ నవ్వితే నవ్వనివ్వండి. చేస్తున్నప్పుడు నొప్పి 3 దాకా ఉన్నా పర్వాలేదు. జవాబు పొద్దున్న వస్తుంది కదా.

రోజు విడిచి ఎందుకంటే, గట్టి బరువు తర్వాత మొదటి రోజు, రోజున్నర టెండన్‌లో పీచు కట్టడం కంటే విరగడం ఎక్కువ. తర్వాతే కట్టడం పైచేయి అవుతుంది. రోజూ చేస్తే సున్నం ఆరకముందే రెండో పూత వేసినట్టు.

జిమ్ము లేనివాళ్ళకి: బ్యాగులో 10 కిలోల బియ్యం సంచి, ఒంటికాలి స్క్వాట్ కుర్చీ మీదికి, అదే నెమ్మది. కొన్నాళ్ళకి చాలదు. అప్పుడు జిమ్ముకి వెళ్ళక తప్పదు, నెలకి ఎంత అడుగుతున్నారో కనుక్కోండి.

వాలు పలక మీద ఒంటికాలి స్క్వాట్ గురించి చాలామంది అడిగారు. 25 డిగ్రీల వాలు, రోజుకి రెండుసార్లు, 15 చొప్పున 3 సెట్లు. పని చేస్తుంది, కానీ ఆడే సీజన్లో దానివల్లే నొప్పి పెరిగినవాళ్ళని చూశాను. నేను దాన్ని పొద్దుటి పరీక్షకి మాత్రమే వాడతాను, మెట్టు కంటే అంకె స్పష్టంగా తెలుస్తుంది. కావాలంటే వడ్రంగితో 30 సెంటీమీటర్ల పలక చేయించి, వెనక అంచు నేలకి దాదాపు 13 సెంటీమీటర్లు ఎత్తుండేలా దిమ్మ కొట్టించండి. మడమ ఎత్తు వైపు ఉండాలి. ఒకాయన తిప్పి నిలబడి, పిక్క లాగుతోందని రాశారు.

నొప్పి లేనివాళ్ళు, ముఖ్యంగా కోచ్‌లు, ఇది చదవండి. నార్వే మేటి ఆటగాళ్ళని చూస్తే వాలీబాల్‌లో నూటికి 45 మందికి, బాస్కెట్‌బాల్‌లో 32 మందికి ఈ నొప్పి ఉందని 2005లో తేల్చారు. రానివ్వకుండా చూడాలంటే నాకు తెలిసిన పని ఒకటే, దూకుళ్ళు లెక్కపెట్టడం. పరీక్షల సెలవు తర్వాత మొదటి వారం పాత లెక్కకి ఒకేసారి వెళ్ళకూడదు. ఆర్కే బీచ్ ఇసుకలో ఆడేవాళ్ళు దిగినప్పుడు దెబ్బ మెత్తగా పడుతుంది, ఇండోర్ వాళ్ళకంటే వాళ్ళలో ఈ నొప్పి తక్కువ. అలాగని ఇసుకలో ఆడిన సాయంత్రమే చెక్క కోర్టుకి వెళ్ళకండి, ఆ రెండిటినీ ఒకే లెక్కలో కలపండి.

అభ్యాసం. 14 రోజులు పొద్దుటి అంకె, ఒక్క రోజు కూడా తప్పకూడదు. పక్కన ముందు రోజు చేసిన బరువు, సార్లు. ఆడితే, ఎన్నిసార్లు దూకారో ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి లెక్కపెట్టించండి, మీ సొంత లెక్క నమ్మను. ఉక్కునగరం కుర్రాడు ఒక గేములో ముప్పై అన్నాడు. వాళ్ళమ్మగారు గట్టు మీద కూర్చుని గీతలు గీస్తే యాభై ఎనిమిది వచ్చాయి, సర్వీసులు కాకుండా. ఐదో పాఠం దూకడం గురించి. 14 గడులు నిండని కాగితంతో ఆ పాఠానికి రావద్దు.