కుక్కరు మార్చుకునే ముందు

తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నాను. కుక్కరు పాడైందని వచ్చేవారు చాలామంది గట్టిగా నాలుగు మాటలని, కొత్తది పుచ్చుకుని వెళ్లిపోతారు. మా కొట్లవాళ్లకు కావలసిందీ అదే. పాతది మా చేతికి వచ్చిందంటే మీ దగ్గర సాక్ష్యం లేనట్లే. అందుకే మార్చుకునే ముందు ఫొటోలు తీయండి. మూత ఎగిరిపోవడం లాంటి ప్రమాదమే జరిగి ఉంటే అసలు ఇవ్వకండి. బాగు చేయించకుండా, గోనెలో చుట్టి అటక మీద పెట్టండి.

ముందు ఐఎస్ఐ గుర్తు చూడండి. దాని పైన ఐఎస్ 2347 అని ఉండాలి. ఇళ్లలో వాడే కుక్కర్ల ప్రమాణం అదే. కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉంటుంది. ఉత్త గుర్తు ఎవరైనా అచ్చు వేయగలరు, కాబట్టి నంబరు లేకపోతే అనుమానించాల్సిందే. ఆ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, లైసెన్సు అమల్లో ఉందో లేదో కనిపిస్తాయి. నంబరు వేరే కంపెనీదని తేలితే అది గుర్తు దుర్వినియోగం. నంబరు సరైనదే అయినా సేఫ్టీ వాల్వు పనిచేయకపోతే నాణ్యతా లోపం. ఈ రెండింటిలో మీది ఏదో, ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాయండి. ఫిర్యాదుల విభాగం ఆ యాప్‌లోనే ఉంది.

‘దేవుడి దయవల్ల బతికాం’ అని రాస్తే అధికారికి ఏమీ తెలియదు. ఎన్ని లీటర్లది, ఎప్పుడు కొన్నారు, విజిల్ వచ్చిందా, గ్యాస్కెట్ కంపెనీదేనా అన్నవి కావాలి. సంతలో కొన్న గ్యాస్కెట్ వేసి ఉంటే దాచకండి, కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే.

ఆన్‌లైన్‌లో కొన్నామని ఊరుకోనక్కర్లేదు. ప్రమాణాలు పాటించని కుక్కర్ల అమ్మకాలకు వీలు కల్పించినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. 2,265 కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. లక్ష వాళ్లకు ఏ మూలకు?

మీ డబ్బు మీకు రావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడ తేలకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. మేమిచ్చే మిషను బిల్లు మీది అక్షరాలు అన్నాళ్లు నిలవవు, కొన్నరోజే ఫొటో తీసుకోండి.