సుఖవ్యాధుల పరీక్ష ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి? చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకు

చెన్నైలో సుఖవ్యాధుల పరీక్ష చేయించుకోవడం కష్టమేమీ కాదు, డబ్బు కూడా పెట్టక్కర్లేదు. అయినా ఓఎంఆర్ హాస్టళ్లలో ఉండే మన కుర్రాళ్ల నుంచి కోయంబేడుకు సరుకు తోలే డ్రైవర్ల దాకా దీన్ని తలకిందులుగా చేస్తారు. శనివారం రాత్రి ఏదో జరుగుతుంది. సోమవారం పొద్దున్నే ప్రైవేటు ల్యాబ్‌కి పరిగెత్తి, వేలు పోసి రక్తమిస్తారు. సాయంత్రానికి "అన్నా, నెగెటివ్!" అని ఫోన్. ఆ రిపోర్టులో శనివారం సంగతి ఒక్క ముక్క కూడా ఉండదు. అది అంతకుముందు నెలల లెక్క.

ఇలాంటివాళ్లను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రులకు తిరగడం నాకు అలవాటైపోయింది. చెప్పిందే చెప్పి విసుగొచ్చి రాస్తున్నాను.

కావలసినవి

ఒక కాగితం, ఒక పెన్ను, ఒక పూట సెలవు. పరగడుపున వెళ్లక్కర్లేదు, టిఫిన్ చేసే వెళ్లండి. తేదీలు ఫోన్‌లో రాసుకుంటామంటారు, వద్దు. పీజీలో ఫోన్ ఎంతమంది చేతులు మారుతుందో మీకు తెలుసు.

మొదట చూడాల్సింది: 72 గంటలు దాటాయా?

కండోమ్ లేకుండా కలిసినా, మధ్యలో అది చిరిగినా, ఇంకా 72 గంటలు దాటకపోతే పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవీ సోకకుండా ఆపే మందులున్నాయి, పెప్ అంటారు. 28 రోజులు వాడాలి. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. ఆ లోపల కూడా ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, కాబట్టి "రేపు చూద్దాం" అనకండి. ఏఆర్‌టీ సెంటర్, అంటే హెచ్ఐవీకి మందులిచ్చే విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ఆసుపత్రి, అందరూ జీహెచ్ అనేది, రాత్రయినా క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. మీకు ఆ మందులు అవసరమా కాదా అన్నది అక్కడి డాక్టరే తేలుస్తారు. ఎటు వెళ్లాలో తోచకపోతే 1097కి ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం.

అసలు చిక్కు: తేదీ లెక్క

క్రిమి ఒంట్లోకి వచ్చిన రోజుకీ, పరీక్షలో కనబడే రోజుకీ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. డాక్టర్లు దాన్ని విండో పీరియడ్ అంటారు. ఆ ఖాళీలో వచ్చిన నెగెటివ్‌ని నమ్మడానికి లేదు. పైగా ఆ కాగితం చూసుకుని నిశ్చింతగా ఇంటికెళ్లి భార్యకో, గర్ల్‌ఫ్రెండ్‌కో అంటించేవాళ్లున్నారు. పరీక్ష చేయించుకోనివాడికి కనీసం అనుమానమన్నా మిగిలి ఉంటుంది.

ఈ ఖాళీ ఒక్కో జబ్బుకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇక్కడ నిదానంగా చదవండి.

గనేరియా, అంటే మన పెద్దవాళ్లు సెగ అనేది, క్లమీడియా: ఈ రెంటికీ రెండు వారాలు ఆగితే చాలు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ పరీక్ష ఉంటుంది, దాన్ని మూత్రంతో చేస్తారు. ఇందులోనూ తప్పు చేస్తారు. ఇంటి దగ్గర మొహం కడుక్కునేటప్పుడే పోసేసి వస్తారు, లేదా షుగర్ పరీక్షకిచ్చినట్టు మధ్య ధార పడతారు. కనీసం ఒక గంట ఆపుకుని, మొదటి ధారే డబ్బాలో పట్టాలి. క్రిమి ఉండేది అందులోనే. డబ్బా నిండా కూడా అక్కర్లేదు, అడుగున రెండు వేళ్ల ఎత్తు ఉంటే సరిపోతుంది.

సిఫిలిస్ (సవాయి): రక్తంతో వీడీఆర్ఎల్ పరీక్ష. కలిసిన మూడు వారాలకు అటూ ఇటూగా ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు, అంచులు గట్టిగా తగులుతాయి. అది వచ్చిన కొత్తల్లో కూడా వీడీఆర్ఎల్ నెగెటివ్ రావచ్చు. తర్వాత ఏ మందూ వేయకుండానే ఆ పుండు మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. మెడికల్ షాపులో కొన్న ఆయింట్‌మెంట్‌కి పేరొస్తుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని ఎర్రటి మచ్చలు లేస్తే "ఎండ పడలేదు" అంటారు. పుండు కనబడితే తేదీలు లెక్కపెడుతూ కూర్చోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఏమీ కనబడకపోతే ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలు నిండాక మరోసారి రక్తమివ్వండి. అలాగే ఒక్క వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చిందని కుప్పకూలొద్దు. గర్భిణుల్లోనూ, వేరే జబ్బులున్నవాళ్లలోనూ అది ఉత్తినే పాజిటివ్ రావచ్చు. టీపీహెచ్ఏ అనే మరో రక్తపరీక్ష చేసి ఖరారు చేస్తారు.

హెచ్ఐవీ: ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. రిపోర్టు మీద పరీక్ష పేరు చదవండి. యాంటీజెన్ (వైరస్ ముక్క), యాంటీబాడీ (వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసేది) రెండూ చూసే ఫోర్త్ జనరేషన్ పరీక్ష చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేస్తే 45 రోజులకు నమ్మొచ్చు. యాంటీబాడీ మాత్రమే చూసే పరీక్షయితే 90 రోజులు. ఏది చేశారో తెలియకపోతే 90 రోజులే లెక్క. ఇక వాదన లేదు. పెప్ మందులు వాడినవాళ్లకు ఈ లెక్క మందులు ఆపిన రోజు నుంచి మొదలవుతుంది, వాళ్లు డాక్టర్ ఇచ్చిన తేదీలే పాటించాలి. మధ్యలో మళ్లీ కండోమ్ లేకుండా కలిస్తే గడియారం సున్నాకి వెళ్లిపోయినట్టే. నలభయ్యో రోజున మళ్లీ వెళ్లి, "ఇంకో అయిదు రోజులేగా అన్నా" అనేవాళ్లతోనే నాకు ఒళ్లు మండేది.

ఇంకొక పాడు అలవాటుంది. ఉచితంగా పరీక్ష అయిపోతుందని రక్తదాన శిబిరానికి వెళ్తారు. విండో పీరియడ్‌లో ఉన్న రక్తం ఎవరికి ఎక్కుతుందో ఆలోచించండి. అనుమానం ఉన్నప్పుడు రక్తదానం చేయకూడదు.

వెళ్లాల్సిన చోటు

మంగళవారమో, బుధవారమో పొద్దున్నే వెళ్లండి. సోమవారం వెళ్లకూడదు. ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం ఎక్కడని అడగండి. ఇక్కడ బోర్డు తమిళంలో 'నంబిక్కై మైయం' అని ఉంటుంది, ఆ పేరు చెబితే ఎవరైనా చూపిస్తారు. కౌన్సెలర్ ముందు మాట్లాడతారు, మీరు ఒప్పుకున్నాకే రక్తం తీస్తారు. తమిళం రాకపోయినా కంగారు లేదు. తెలుగు అర్థమయ్యేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కడైనా దొరుకుతారు. చీము, పుండ్లు ఉంటే సుఖవ్యాధుల విభాగానికి వెళ్లండి, ప్రభుత్వ సురక్షా క్లినిక్ అన్నా అదే.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్యాకేజీలంటే నాకు గిట్టదు. కారణం డబ్బు కాదు. ఆ పెద్ద ప్యానెళ్లలో హెర్పిస్ ఐజీజీ అని, హెర్పిస్ అనే పొక్కుల జబ్బుకి యాంటీబాడీ చూసే పరీక్ష ఒకటి కలుపుతారు. చిన్నప్పుడు పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చినవాళ్లకు కూడా అందులో పాజిటివ్ రావచ్చు. రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ వస్తుంది, పక్కన చెప్పేవాడు ఉండడు, తెల్లారేదాకా గూగుల్, టెన్షన్. ఐసీటీసీలో రిపోర్టు మనిషి చేతిలో పెట్టి వివరిస్తారు. ఒక్క కిట్‌లో గీత పడినంత మాత్రాన పాజిటివ్ అనరు, వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూశాకే చెబుతారు. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది కూడా ఈ ఊళ్లోనే. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆవిడ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల ఆ పని చేశారు. ఆ కాలేజీ ఆసుపత్రే జీహెచ్. మీ సంగతి చూసి నోరు నొక్కుకునేవాళ్లు అక్కడెవరూ లేరు.

మీ అనుమతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం, దాన్ని చూపి ఉద్యోగంలోంచి తీసేయడం 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం తప్పు. నిజంగా పాజిటివ్ వస్తే 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోజూ వాడి వైరస్‌ని పరీక్షకు అందనంతగా తగ్గించుకుని, అలాగే ఉంచుకున్నవాళ్ల నుంచి కలయిక వల్ల ఇంకొకరికి సోకదు.

మందులు

మూత్రంలో మంట రాగానే "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు మొదలుపెడతారు. రెండు రోజులకు చీము కనబడితే మెడికల్ షాపు. అతనిచ్చే మాత్రలకు గనేరియా ఇప్పుడు లొంగదు, పాత మందులు చాలావాటికి అది ఎప్పుడో ఆరితేరిపోయింది. లాడ్జిలో క్యాంపు వేసే డాక్టర్ల పోస్టర్ల గురించి నేనేమీ రాయను.

కలిసినవాళ్లిద్దరూ మందు వేసుకోవాలి. ఒక్కరే వేసుకుంటే వారం తిరక్కుండా జబ్బు మళ్లీ ఇటే వస్తుంది. ఒక్క డోసుతో అయిపోయే మందయినా ఏడు రోజులు ఇద్దరూ కలవకూడదు. ఆడవాళ్లలో క్లమీడియా చాలామందికి ఏ లక్షణమూ చూపించదు, లోపల గొట్టాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోయినప్పుడు బయటపడుతుంది. అందుకని "ఆమెకేం లేదన్నా" అన్న మాట నేను లెక్కలోకి తీసుకోను. అలాగని తెల్లబట్ట అయిన ప్రతిసారీ సుఖవ్యాధి అనుకుని భార్యను అనుమానించడం కూడా మూర్ఖత్వమే.

ఇకముందు

కండోమ్‌లు ఐసీటీసీలోనే ఉచితంగా ఇస్తారు. పర్సులోనూ, బైక్ డిక్కీలోనూ దాచకండి, చెన్నై మే నెల ఎండకు రబ్బరు పాడవుతుంది. కొబ్బరినూనె, వాజ్‌లీన్ తగిలితే చిరుగుతుంది. నీళ్లతో చేసిన జెల్లీ మాత్రమే వాడాలి. తిరగేసి పెట్టుకుంటే మళ్లీ తిప్పి వాడొద్దు, పారేసి కొత్తది తీయండి. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకోవడం తెలివి కాదు. కండోమ్ కప్పని చోట చర్మం తగిలితే హెర్పిస్, హెచ్‌పీవీ (పులిపిర్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్), సిఫిలిస్ రావచ్చు.

హెచ్‌పీవీకి టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలుపెడితే రెండు డోసులు, 15 నిండాకయితే మూడు. హెపటైటిస్ బి టీకా చిన్నప్పుడు పడకపోతే ఇప్పుడు వేయించుకోండి: ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. మధ్యలో ఉద్యోగం మారి బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోయినా మిగిలిన డోసులు అక్కడే వేయించుకోవచ్చు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.