అథ్లెట్‌కి ట్రెడ్‌మిల్ పరీక్ష: ఏ ప్రోటోకాల్ ఎవరికి?

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఆసుపత్రికెళ్లి టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ పరీక్ష అడిగితే సాధారణంగా పెట్టేది బ్రూస్ ప్రోటోకాల్. ప్రోటోకాల్ అంటే వేగం, వాలు ఎప్పుడెంత పెంచాలో చెప్పే పద్ధతి. గుండెకు రక్తం సరిగా అందుతోందా అని చూడ్డానికి అది పనికొస్తుంది. నాకెంత దమ్ముంది, ఏ వేగంలో సాధన చేయాలి అని అడిగే రన్నర్‌కి మాత్రం అది సరైన కొలబద్ద కాదు.

బ్రూస్‌లో తొలి స్టేజి గంటకు 2.7 కి.మీ., వాలు 10 శాతం. ప్రతి 3 నిమిషాలకూ వేగం, వాలు రెండూ పెరుగుతాయి: 4 కి.మీ.కి 12 శాతం, 5.4కి 14, 6.7కి 16, 8కి 18. చిక్కంతా నాలుగో స్టేజిలో వస్తుంది. 16 శాతం వాలు మీద 6.7 అంటే నడకకు ఎక్కువ, పరుగుకు తక్కువ. చదును ట్రాక్ మీద 1600 మీటర్లు సాధన చేసే కుర్రాడికి ఊపిరి ఇంకా మిగిలుండగానే పిక్కలు పట్టేస్తాయి. రోజూ అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కేవాడికి అదే వాలు లెక్కలోకి రాదు. ఇద్దరి గుండె సత్తా ఒకటే అయినా రిపోర్టులో నిమిషాలు వేరుగా పడతాయి.

గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం, అంటే వీఓటూ మ్యాక్స్ కావాలంటే వేగం మార్చకుండా వాలు మాత్రమే పెంచే ఆస్ట్రాండ్ తరహా మేలు. మొదటి 3 నిమిషాలు చదును, తర్వాత ప్రతి 2 నిమిషాలకూ 2.5 శాతం. వార్మప్ కాక, అసలు పరీక్ష 8 నుంచి 12 నిమిషాల్లో ముగియాలి. త్వరగా ముగిస్తే కాళ్లు ముందే చేతులెత్తేస్తాయి. సాగదీస్తే ఒళ్లు వేడెక్కి, విసుగొచ్చి దిగిపోతాడు.

వేగం ఎంచడం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. 10 కి.మీ. 42 నిమిషాల్లో పరుగెత్తే రన్నర్ సగటు వేగం గంటకు 14.3 కి.మీ. అతని వీఓటూ మ్యాక్స్ 50 (కిలో బరువుకు నిమిషానికి 50 మి.లీ. ఆక్సిజన్) దగ్గర ఉందనుకుందాం. ఒక వేగానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క ఇది: వేగాన్ని నిమిషానికి మీటర్లలోకి మార్చి 0.2తో హెచ్చవేసి, 3.5 కలపాలి; వాలుకు అదనంగా వేగం × వాలు × 0.9 (2.5 శాతం వాలును 0.025గా వేయాలి). గంటకు 13 పెడితే చదునులోనే 46.8 వస్తుంది, 2.5 శాతానికే 50 దాటుతుంది. అయిదారు నిమిషాల్లో ఆట ముగుస్తుంది. 11 పెడితే చదునులో 40, 5 శాతానికి 48, 7.5 శాతానికి 52. దిగేసరికి 8, 9 నిమిషాలవుతాయి. కాబట్టి 10 కి.మీ. పరుగులో వచ్చే సగటు వేగం కంటే గంటకు 3 కి.మీ. తగ్గించి మొదలుపెట్టండి. ఇది అంచనా లెక్కే. మాస్కు పెట్టి ఊపిరిలోని గ్యాస్ కొలిస్తేనే అసలు విలువ తెలుస్తుంది.

సాధన వేగాలు కావాలంటే దారి వేరు. శ్రమ పెరిగేకొద్దీ రక్తంలో పెరిగే లాక్టేట్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష అది. అందులో వాలు 1 శాతం దగ్గర కదలకుండా ఉంచి, ఒక్కో స్టేజికి వేగం గంటకు 1 కి.మీ. చొప్పున పెంచాలి. ఆ 1 శాతం బయట ఎదురుగాలికి బదులు. ఒక్కో స్టేజి కనీసం 3 నిమిషాలు, వీలైతే 4. స్టేజి చివర అర నిమిషం ఆపి వేలి చివర నుంచి రక్తపు చుక్క తీస్తారు. చెమట తుడవకుండా గుచ్చితే రీడింగు తప్పుతుంది. చెమటలో కూడా లాక్టేట్ ఉంటుంది మరి!

ఏ పద్ధతైనా సరే, పక్క కడ్డీ పట్టుకోనివ్వకండి. పట్టుకుంటే బరువు చేతుల మీదికి పోయి, లేని దమ్ము ఉన్నట్టు లెక్క తేలుతుంది. 220లోంచి వయసు తీసేసి ఆ గుండె వేగం రాగానే ఆపడం మరో పొరపాటు. ఒకే వయసువాళ్లలోనే నిమిషానికి 10, 12 స్పందనల తేడా మామూలు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఈసీజీలో తేడా ఉంటే మాత్రం ఆ క్షణమే ఆపాలి. పరుగులో ఎప్పుడైనా స్పృహ తప్పినవాడికి, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లున్నవాడికి డాక్టర్ చూడకుండా పరీక్షే వద్దు.

మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టిన పరీక్షను డిసెంబరు రిపోర్టుతో పోల్చకండి. అదే గది, అదే బూట్లు, అదే వేళ, అదే ప్రోటోకాల్ ఉండాలి.

మిషన్ చూపే వేగాన్ని కూడా నమ్మేయొద్దు. బెల్టు మొత్తం పొడవు టేపుతో కొలిచి, అంచున తెల్ల ప్లాస్టర్ అంటించండి. మనిషి పరుగెత్తుతుండగానే 20 చుట్లు లెక్కపెట్టండి. బెల్టు 3.2 మీటర్లయితే 20 చుట్లకు 64 మీటర్లు. గంటకు 12 కి.మీ. వేగంలో 19.2 సెకన్లు పట్టాలి. 20 సెకన్లు పట్టిందంటే అసలు వేగం 11.5 మాత్రమే.