నెలల తరబడి నడపని కారు ఇంజిన్ పాడవకుండా ఎలా చూసుకోవాలి?

పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు, కారు మాత్రం అమలాపురంలోనో రాజోలులోనో ఇంటి పక్క షెడ్డులో ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. నాన్నగారు ప్రతి ఆదివారం తాళం తిప్పి, పది నిమిషాలు ఇంజిన్ ఆడించి ఆపేసేవారు. సంక్రాంతికి వెళ్లి ఆయిల్ మూత తీసి చూస్తే దాని అడుగున మీగడ కట్టినట్టు తెల్లటి జిగురు పేరుకుని ఉంది!

పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా కాగితే ఆ తడి బయటికి పోతుంది, పది నిమిషాలు నిలబెట్టి ఆడిస్తే పోదు, కొంత ఆయిల్‌లో కలుస్తుంది, కొంత సైలెన్సర్‌లో చేరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయిన బ్యాటరీ ఛార్జ్ కూడా తిరిగి నిండదు. అందుకే నేను చెప్పేది ఒకటే, నడిపితే సరిగ్గా నడపండి, లేదంటే సరిగ్గా సిద్ధం చేసి వదిలేయండి.

నడిపే మనిషి ఉంటే: రెండు వారాలకోసారి కనీసం అరగంట రోడ్డు మీద తిప్పమనండి, రావులపాలెం దాకా వెళ్లి వచ్చినా చాలు. టెంపరేచర్ ముల్లు మధ్యకు రాగానే ఆపేయకూడదు, ఎందుకంటే ఆయిల్ కాగడానికి ఇంకాస్త సమయం పడుతుంది. దారిలో ఏసీ ఓ పది నిమిషాలు వేయాలి. మూసి ఉన్న షెడ్డులో మాత్రం ఇంజిన్ ఎప్పుడూ ఆడించవద్దు, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

నడిపేవాళ్లు లేకపోతే: ఆయిల్, ఫిల్టర్ ఇప్పుడే మార్పించండి. చాలామంది తిరిగొచ్చాక మార్పిద్దాంలే అనుకుంటారు, కానీ వాడిన ఆయిల్‌లో తడి, ఆమ్లాలు ఉంటాయి, అవి నెలల తరబడి లోపలి లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. తర్వాత బంకులో ఆటో కట్ అయ్యేదాకా పెట్రోల్ కొట్టించండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది. ఫ్యూయల్ స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే మందు) దొరికితే కొలత ప్రకారం కలిపి, పావుగంట నడిపి, అప్పుడు షెడ్డులో పెట్టండి.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గితే బోరు నీళ్లు పోయకండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, అంతర్వేది వైపు, చాలా బోర్లలో ఉప్పు నీళ్లే, అవి రేడియేటర్‌ను తినేస్తాయి. కంపెనీ చెప్పిన కూలెంటే వాడండి.

బ్యాటరీ నెగెటివ్ తీగ ముందు తీయాలి. తీగ తీశాక రిమోట్‌తో డోర్ తెరుచుకోదు, అందుకే దానికి ముందే తాళం చెవితో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ అయితే వోల్ట్ మీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12.4 కంటే దిగితే ఛార్జ్ పెట్టించాలి.

ఇక ఎలుకలు. మా వైపు కోతలయ్యి ధాన్యం ఇంటికి చేరాక వాటి హడావుడి మామూలుగా ఉండదు, బానెట్ కింద గూడు కట్టి వైర్లు కొరికేస్తాయి. కారు దగ్గర బస్తాలు, కొబ్బరి డొక్కలు పెట్టకండి. సైలెన్సర్ గొట్టానికి సన్నటి ఇనుప జాలీ, గాలి పీల్చే గొట్టంలో గుడ్డ పెట్టి, ఏమేం పెట్టారో కాగితం మీద రాసి స్టీరింగ్‌కి కట్టండి, లేకపోతే మర్చిపోయి అలాగే స్టార్ట్ చేస్తారు.

టైర్లలో గాలి కొంచెం ఎక్కువ కొట్టించి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌లో పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తడి లోపలే ఉండిపోతుంది, గాలి ఆడే కవరే కప్పాలి. గోదావరి వరద ముంపు వచ్చే చోటైతే జూలైకి ముందే కారును మెరక మీదికి చేర్చండి. ఒకవేళ నీళ్లు ఇంజిన్ దాకా వచ్చుంటే తాళం అసలు తిప్పవద్దు, మెకానిక్‌ను ఇంటికే పిలవండి.

తిరిగి తీసే రోజు గుడ్డలు, జాలీ, ఇటుకలు తీసి, వైర్లు, ఆయిల్, కూలెంట్ చూసి, బ్యాటరీ తగిలించి, తాళం ఆన్‌లో కొన్ని సెకన్లు ఉంచి అప్పుడు స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ తొక్కకండి. ఆయిల్ లైట్ వెంటనే ఆరకపోతే ఇంజిన్ ఆపేయాలి. ఆరితే, గేటు దాటకముందే రెండు మూడుసార్లు బ్రేక్ తొక్కి పట్టు చూసుకుని, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి.