కళ్లంలో షావూత్ జాగారం: మా ఉద్దానంలో ఎలా చేస్తామంటే

మా కోడలు యూదుల అమ్మాయి. వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర మా ఊరు వస్తుంది. వాళ్ల షావూత్ పండగ ఆ రోజుల్లోనే పడుతుంది. బైబిల్ చదివేవాళ్లు వారముల పండుగ అంటారే, అదే. కోతల పండగ, రాత్రంతా చదువుకునే పండగ. ఇలాంటి కోడలో అల్లుడో ఉన్న ఇంటివాళ్లు ఎలా చేయాలని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీ సంగతి. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ గుర్తుగా వాళ్లు చేసే పస్కా పండగ రెండో రాత్రి నుంచి 49 రోజులు లెక్కపెడతారు. యాభయ్యో రోజు షావూత్. బార్లీ కోతలప్పుడు మొదలైన లెక్క గోధుమ కోతలకి పూర్తవుతుంది. వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలు. 2026లో మే 21 సాయంత్రం, 2027లో జూన్ 10 సాయంత్రం, రెండూ గురువారాలే. వాళ్ల నెలలు కూడా చంద్రుణ్ని బట్టే నడుస్తాయి. షావూత్ వచ్చేది సీవాను నెల ఆరో రోజున, అంటే మనకి శుద్ధ పంచమి, షష్ఠి ప్రాంతం. అర్ధరాత్రి దగ్గరపడేదాకా వెన్నెల ఉంటుంది, తర్వాత చీకటి. చదువులన్నీ దీన్ని బట్టే సర్దుకోవాలి.

షావూత్ రోజే సీనాయి కొండ దగ్గర దేవుడి ధర్మశాస్త్రం అందిందని వాళ్ల నమ్మకం. దాన్ని అందుకోవాల్సిన తెల్లవారుజామున జనం ఒళ్లు తెలియకుండా నిద్రపోయారని వాళ్ల పెద్దలు చెప్పే కథ ఒకటుంది. దానికి పరిహారంగానే ఈ జాగారం. 16వ శతాబ్దంలో ఒట్టోమాన్ రాజ్యంలో యోసేపు కారో, అల్కబెజ్ అనే పండితులు తోటివాళ్లతో కూర్చుని చేసిన జాగారం తర్వాత ఈ ఆచారం బాగా పాకింది. శివరాత్రికి మేలుకునే మనకి నిద్ర మానడం కొత్తేం కాదు. ఈ రాత్రి మాత్రం ప్రతి మనిషీ ఏదో ఒకటి నేర్చుకోవాలి, ఏదో ఒకటి నేర్పాలి. నేను తెలుగు టీచరుగా రిటైరైన మనిషిని, ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

చోటు ఎంచుకోవడంలో తొందర వద్దు. ఉద్దానం అనగానే జీడితోటలో చేద్దామంటారు పిల్లలు. రాత్రిపూట అసలు వద్దు. జీడిపళ్లకీ పనసపళ్లకీ ఎలుగుబంట్లు వచ్చే కాలమది. మందస, వజ్రపుకొత్తూరు వైపు మనుషుల మీద పడిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. పైగా ఎండుటాకుల్లో పాము ఉన్నా కనపడదు. కొబ్బరిచెట్ల కింద కూడా కూర్చోకండి, కాయో మట్టో పడుతుంది. అన్నిటికన్నా మంచిది ఇంటిని ఆనుకుని ఉన్న కళ్లం. మేలో ఖాళీగా ఉంటుంది, నేల చదునుగా గట్టిగా ఉంటుంది, నాలుగువైపులా కనిపిస్తుంది, పైన ఆకాశమంతా మనదే. రెండు రోజుల ముందు గడ్డి చెక్కించి, పేడనీళ్లతో అలికించండి. గాలివానలు, పిడుగుల కాలం కాబట్టి ఉరుము వినిపించిన వెంటనే అందరూ వసారాలోకి వచ్చేయాలని ముందే చెప్పి ఉంచండి.

సూర్యాస్తమయం మా దగ్గర ఆరుంబావు, ఆరున్నర మధ్య. పనులన్నీ ఆలోపే అయిపోవాలి. పండగ మొదలయ్యాక నిష్ఠగా ఉండేవాళ్లు స్విచ్ వేయరు, ఫోన్ ముట్టుకోరు, రాయరు, కాయ కోయరు, బండెక్కరు. అగ్గిపుల్ల గీయరు కానీ, వెలుగుతున్న దీపం నుంచి ఇంకో దీపం వెలిగించుకోవచ్చు. ఆర్పడం మాత్రం కూడదు. అందుకని పెద్ద ప్రమిదలో రెండు రోజులకు సరిపడా నూనె పోసి దీపం పెట్టండి. దాన్నుంచే లాంతర్లు, పొయ్యి. దోమలకి వేపాకు పొగ కూడా పొద్దుండగానే రాజేయాలి. చదివే కాగితాలు పెద్ద అక్షరాల్లో ముందే జిరాక్స్ తీయించండి, లాంతరు వెలుగులో చిన్న అక్షరాలు ఎవరికీ ఆనవు. వచ్చేవాళ్లు తెల్లారేదాకా ఉండేలా రావాలి.

పొద్దు వాలకముందు పిల్లలతో చేయించాల్సిన పని ఒకటుంది. పూర్వం యూదు రైతు తన తోటలో మొదట పండిన అత్తిపండో, ద్రాక్షగుత్తో, దానిమ్మకాయో కనపడితే దానికి గడ్డితాడు కట్టి, ఇది తొలిఫలం అని నోటితో చెప్పి, తర్వాత యెరూషలేము గుడికి తీసుకెళ్లేవాడు. మా పిల్లలు కొబ్బరిపీచు తాడు పేనుకుని మామిడిచెట్టు చుట్టూ తిరుగుతారు. మా మనవడైతే కాయ కాయకీ ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "మామ్మా, ఇదే" అని తేల్చాక గానీ ముడి వేయడు. సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు కొత్త పండగ చేసుకున్నాకే కొత్త మామిడి తింటారన్న సంగతి వాళ్లకి అప్పుడే చెబుతాను. 2018లో తిత్లీ తుపానుకి పడిపోయిన చెట్ల చోట మళ్లీ వేసిన మొక్కలు చూపిస్తే, మొదటి మూడేళ్ల కాపు తినకూడదన్న తమ నియమం గురించి మా కోడలు చెబుతుంది.

తిండి పాలతో చేసినవే, మాంసం ఉండదు. చీజ్‌కేక్ కోసం విశాఖ పరిగెత్తక్కర్లేదు. ఊళ్లో ఏ ఆవో గేదో ఈని ఉంటే ముర్రుపాలు తెచ్చి, బెల్లం, మిరియాలు వేసి జున్ను పెట్టండి. మా కోడలి దృష్టిలో దాన్ని మించింది లేదు. పెరుగన్నం, పరమాన్నం, తాటిముంజలు, ఈతపళ్లు చాలు. గుడి ఉన్న రోజుల్లో ఈ పండక్కి కొత్త గోధుమలతో పొంగిన రొట్టెలు రెండు అర్పించేవారు, ఆ గుర్తుగా రెండు రొట్టెలు చేసుకోవచ్చు. గిన్నెల విషయం మాత్రం వాళ్లని అడిగి చేయండి, మేము కొత్తవి విడిగా ఉంచాం. ఫ్లాస్కుల నిండా కాఫీ ఉండాలి.

భోజనాలయ్యాక మొదట రూతు కథ. మోయాబు దేశపు విధవరాలు అత్తగారిని వదలకుండా వెంట వచ్చి, బేత్లెహేము పొలాల్లో పరిగె ఏరుకుని బతికిన కథ. అందులో ముఖ్యమైన రాత్రి కళ్లంలోనే నడుస్తుంది కాబట్టి మన కళ్లంలో వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. కోడలు హీబ్రూలో, నేను తెలుగులో ఒక్కో భాగం చదువుతాం. మధ్యలో ఆపి, పరిగె ఏరిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిణ్ని చెప్పమనండి. మా పక్కింటి ముసలమ్మ వంగి చూపించింది: కుడిచేత్తో వెన్ను గిల్లడం, ఎడమ గుప్పిట్లో పేర్చడం, గుప్పిడి నిండగానే గడ్డిపోచతో బిగించి ఒడిలో వేసుకోవడం. ఆ తర్వాత ప్రశ్న వేయండి: రూతుకి తెలియకుండా పనల్లోంచి వెన్నులు జారవిడవమని పొలం ఆసామి బోయజు కూలీలకి ఎందుకు చెప్పాడు? ఎదురుగా ఇస్తే ఏం? పిల్లలు దీని మీద గంటసేపు వాదించుకుంటారు, ఆపకండి.

చంద్రుడు అస్తమించాక లాంతర్లు వసారాలో పెట్టేసి ఆకాశం చూడండి. దక్షిణాన వృశ్చికం బాగా పైకి వచ్చి ఉంటుంది, ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. కార్తెల్ని బట్టి విత్తనాలు చల్లిన రైతు ఒకాయన ఈ పాఠం చెబితే బాగుంటుంది. కథ చెప్పేవాళ్లు వస్తే వాయిద్యం లేకుండా చెప్పమనండి, పండగనాడు వాయించరు. పాటకి అడ్డు లేదు.

రెండు నుంచి నాలుగు దాకా కష్టం. అప్పుడు ఉపన్యాసం పెడితే అందరూ పడుకుంటారు. ఇద్దరిద్దరిని జతచేసి, తలో కాగితం ఇచ్చి, కళ్లం చుట్టూ నడుస్తూ గట్టిగా చదివి వాదించుకోమనండి. యూదుల పాఠశాలల్లో జతగా చదవడమే పద్ధతి. చిన్నపిల్లల్ని దోమతెరలో పడుకోనివ్వండి.

ఐదుంబావుకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. ఆ వేళకి ప్రార్థన. తోరా చుట్ట, అంటే ధర్మశాస్త్రం రాసిన చుట్ట, తెరిచి చదవాలంటే పదిమంది పెద్దవాళ్లైన యూదులు కావాలి, మా దగ్గర అంతమంది ఉండరు. పది ఆజ్ఞలు పుస్తకంలోంచే చదువుతాం, అందరం నిలబడి వింటాం. నిద్రమత్తులో ఎవర్నీ బండి తోలనివ్వకండి, చాపలు వేసి పడుకోబెట్టండి.

ఇశ్రాయేలు బయట ఇది రెండు రోజుల పండగ. పైన చెప్పిన రెండేళ్లూ రెండో రోజు శనివారం అవుతుంది, శుక్రవారం పొద్దు వాలాక పొయ్యి దగ్గర పనే ఉండదు. శనివారం వంట శుక్రవారం చేసుకోవాలంటే గురువారం పొద్దు వాలకముందే ఒక రొట్టె, వండిన పదార్థం ఒకటి విడిగా తీసిపెట్టి, దానికున్న చిన్న ప్రార్థన చెప్పాలి. పండగ హడావిడిలో మరిచిపోయేది ఇదే, ఆ రెండిటినీ దీపం పక్కనే పెట్టుకోండి.